పదవి దిగాక ప్రకాశం పంతులు

మన బడి నాటకాల్లో టంగుటూరి ప్రకాశం పంతులుగారంటే ఒకటే సీను: 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు ఎదురు తిరిగి, తుపాకీ ముందు చొక్కా విప్పి గుండె చూపించడం. చప్పట్లు పడతాయి, తెర దిగుతుంది. నిజానికి ఆ తర్వాత ఆయన 29 ఏళ్లు బతికారు. తెర దిగిన తర్వాతి కథే నాకు ఎక్కువ ఇష్టం.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి ఆయనే. అప్పటికి వయసు 81. పాలించింది 13 నెలలు. గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆ కొద్ది కాలంలోనే వచ్చాయి. 1954 నవంబరులో మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, ప్రభుత్వం పడిపోయింది.

ఆయన చేసినవన్నీ ఒప్పులని అనను. 1951లో కాంగ్రెస్‌ను వదిలి సొంతంగా పార్టీ పెట్టి, 1953లో అదే కాంగ్రెస్ అండతో ముఖ్యమంత్రి అయ్యారు. డబ్బు లెక్క అసలే తెలియదు. బారిస్టరుగా గడించిందంతా స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ పోసి అప్పులపాలయ్యారు. పదవి పోయాక చేతిలో మిగిలిందేమీ లేదు. అయినా ఇంట్లో కూర్చోలేదు. 84 ఏళ్ల వయసులో మండుటెండలో ఒంగోలు ప్రాంతపు హరిజనవాడల్లో తిరుగుతూ వడదెబ్బ తిన్నారు. హైదరాబాదుకు తరలించినా కోలుకోలేదు. 1957 మే 20న కన్నుమూశారు.

ఇక నా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి. బెజవాడ దగ్గర కృష్ణమీద కాటన్ దొర హయాంలో 1855 నాటికి కట్టిన ఆనకట్టకు 1952లో గండి పడింది. ఆనకట్ట అంటే ఏటికి అడ్డంగా రాతిగోడ, వరద దానిమీదుగా పొర్లాల్సిందే. బ్యారేజీకి తలుపులుంటాయి, కావలసినంత నీరు నిలిపి మిగతాది వదలొచ్చు. ఆ ఆనకట్ట స్థానంలో 70 ఖానాల బ్యారేజీ పని ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే, 1954లో మొదలైంది. దాని మీద రాకపోకలు ప్రారంభమయ్యేసరికి 1957 డిసెంబరు. అప్పటికి ఆయన పోయి ఏడు నెలలు. 12 లక్షల ఎకరాలకు పైగా తడిపే ఆ కట్టడానికి ఆయన పేరే పెట్టారు. 1972లో ఒంగోలు జిల్లా కూడా ప్రకాశం జిల్లా అయింది.

ఆయన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’ కూడా ఆయన చేతిమీదుగా పూర్తి కాలేదు. చివరి భాగం ఆయన సహచరుడు తెన్నేటి విశ్వనాథంగారు రాశారు. స్వర్ణోత్సవ నిధిలోంచి మన బడి గ్రంథాలయానికి ఆ పుస్తకం రెండు ప్రతులు కొనాలని కమిటీవారికి నా మనవి. ఈసారి నాటకం వేసే పిల్లలకు రెండో అంకం దొరుకుతుంది.