పడవలో రాసిన పుస్తకం: ఎల్.టి.సి. రోల్ట్ జీవిత కథ

వాహనాలను గురించీ, రవాణా చరిత్రను గురించీ రాసిన పుస్తకాలంటే మనవారిలో సాధారణంగా కొంత చిన్నచూపు కనిపిస్తుంది. ఇంజన్ల నంబర్లు, చక్రాల కొలతలు, కంపెనీల పేర్లు, స్టేషన్లు తెరచిన తేదీలు తప్ప వాటిలో మరేమీ ఉండదనీ, ఆ పిచ్చి ఉన్నవారికే గాని ఇతరులకు అవి పనికిరావనీ భావిస్తారు. అట్టి పుస్తకాలు లేకపోలేదు. గ్రంథాలయపు అలమరలలో అవి దుమ్ము పట్టి పడి ఉండడం న్యాయమే కావచ్చు. కాని ఒక దేశంలో కాలువలు పూడిపోతూ ఉంటే వాటిని నిలబెట్టే ఉద్యమానికి ప్రాణం పోసిన పుస్తకం కూడా ఆ అలమరలోదే. దానిని రాసినవారు పండితులు కారు. చిన్న వయసులోనే బడి మాని, చేతులకు నూనె, మసి అంటించుకొన్న మెకానిక్. ఆయన పూర్తి పేరు లయొనెల్ థామస్ కాస్వాల్ రోల్ట్. స్నేహితులకు టామ్ రోల్ట్.

రోల్ట్ 1910 ఫిబ్రవరి 11వ తేదీన ఇంగ్లండులోని చెస్టర్ నగరంలో జన్మించారు. తండ్రి నిలకడ లేని సాహసి. ఆస్ట్రేలియాలో పశువుల పెంపకంలో పనిచేశారు, భారతదేశానికి వచ్చి ఒక తోటలో ఉద్యోగం చేశారు, 1898లో యూకాన్ ప్రాంతంలో బంగారం దొరుకుతున్నదని విని అక్కడికీ పరుగెత్తారు. బంగారం మాత్రం దొరకలేదు. స్వదేశం చేరి వేల్సు సరిహద్దులో స్థిరపడి, ఉన్న సొమ్మును ఒక కంపెనీలో పెట్టగా, 1920లో ఆ సొమ్ములో చాలా భాగం పోయింది. కుటుంబం గ్లాస్టర్‌షైర్‌లోని స్టాన్లీ పాంట్‌లార్జ్ అనే కుగ్రామంలో రాతి కుటీరాలకు మారింది. ఆ ఇంటి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. చివరకు రోల్ట్ జీవితం అక్కడికే చేరుతుంది.

చెల్టెన్‌హామ్‌లో చదువుతూ, పదహారో ఏట ఆ చదువు మాని ఆవిరి యంత్రాల పనిలో చేరారు. తరువాత స్టోక్ పట్టణంలో రైలింజన్లు తయారుచేసే కెర్ స్టువర్ట్ కర్మాగారంలో అప్రెంటిస్ అయ్యారు. ఆయన బంధువు కైర్ల్ విలన్స్ అక్కడ పెద్ద ఇంజనీరు. అచ్చులో కరిగిన ఇనుము పోయడం మొదలు తయారైన ఇంజనును పట్టాల మీద నడిపి చూడడం వరకు అన్ని పనులూ చేతితో నేర్చుకొన్నారు. 1930లో ఆ కంపెనీ దివాలా తీసింది. నేర్చిన విద్య చేతిలో ఉన్నది, చేయడానికి పని లేదు. దేశమంతటా ఆర్థిక మాంద్యం. తరతరాల పనితనం ఒక్క తాళంకప్పతో వీధిన పడడం ఆ యువకుడు కళ్లారా చూశారు. తరువాత ఆయన రాసిన దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఈ బాధ ఉన్నది.

కొంతకాలం పాత మోటారు కార్ల మరమ్మతు మీద బ్రతికారు. హాంప్‌షైర్‌లో భాగస్వామ్యంతో ఒక గ్యారేజీ నడిపారు. 1934లో పాత స్పోర్ట్స్ కార్ల అభిమానులు క్లబ్బుగా ఏర్పడినప్పుడు దానికి తొలి కార్యకర్తలలో ఒకరయ్యారు. 1930కి తరువాత తయారైన కార్లలో పనితనం దిగజారిందని ఆ క్లబ్బువారి పట్టుదల. అది పూర్తిగా నిజమో కాదో గాని, రోల్ట్ మనస్సు ఎటు మొగ్గుతున్నదో దీనివల్ల తెలుస్తుంది.

ఇక పడవ సంగతి. విలన్స్ క్రెస్సీ అనే పాత కొయ్య పడవను కొని, అందులో మొదట ఆవిరి యంత్రాన్నీ, తరువాత ఫోర్డు కారు ఇంజనునూ అమర్చారు. కాలక్రమాన అది రోల్ట్ చేతికి వచ్చింది. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 7 అడుగులు. ఇంత సన్నని పడవ ఎందుకంటే, మధ్య ఇంగ్లండు కాలువలలోని లాకులు అంతే వెడల్పు. గోదావరి, కృష్ణా డెల్టాలవారికి లాకులంటే వివరించనక్కరలేదు. ఎత్తుపల్లాలు గల చోట పడవను ఒక గదిలోకి తెచ్చి తలుపులు మూసి, నీటిని నింపో, వదలో దానిని పైకెక్కించడం, దించడం. ఇంగ్లండులో ఈ కాలువలు పద్దెనిమిదవ శతాబ్దపు మధ్యభాగం నుంచి తవ్వబడినవి. గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో పడవను లాగేది. బొగ్గు, కుండలు, ధాన్యం వీటి మీదనే పోయేవి. రైళ్లు వచ్చిన తరువాత రైల్వే కంపెనీలే అనేక కాలువలను కొని, క్రమంగా వాటిని నిర్లక్ష్యం చేశాయి.

అయినా కొన్ని కుటుంబాలు ఇరవయ్యవ శతాబ్దంలో కూడా ఆ పడవల మీదనే కాపురముండేవి. వెనుక భాగంలో పది అడుగుల గది. అందులోనే పొయ్యి, మంచం, పిల్లలు. పడవ ఎక్కడా నిలవదు గనుక పిల్లలకు బడి లేదు, చాలామందికి అక్షరం ముక్క రాదు. కాని గది తలుపుల మీద, నీళ్ల కుండల మీద గులాబీలను, కోటలను ముచ్చటైన రంగులలో చిత్రించుకొనేవారు. పట్టణవాసులు వారిని తక్కువగా చూసేవారు. రోల్ట్ చూపు వేరు. లాకు దగ్గర ఒక్క క్షణం వృథా కాకుండా పడవను తిప్పే నేర్పు కర్మాగారంలోని మంచి పనివాని నేర్పుకు తీసిపోదని ఆయన గ్రహించారు.

1939లో రోల్ట్ ఏంజెలా ఆరెడ్‌ను వివాహమాడారు. దంపతులిద్దరూ క్రెస్సీనే ఇల్లు చేసుకొన్నారు. పుస్తకాల అరలు, రాతబల్ల, చివరికి స్నానపు తొట్టె కూడా అందులో అమర్చుకొన్నారు. జూలై నెలాఖరులో బాన్‌బరీ నుంచి బయలుదేరి, మధ్య ఇంగ్లండు కాలువల మీద సుమారు 400 మైళ్ల యాత్ర సాగించారు. దారిలో ఉండగానే రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. రోల్ట్ క్రూ పట్టణంలోని రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో, యుద్ధ విమానాలకు మెర్లిన్ ఇంజన్లు తయారుచేసే చోట చేరారు. ఆ యాంత్రికమైన పని భరించలేక మానివేసి, కొంతకాలానికి ప్రభుత్వ సరఫరా శాఖలో ఉద్యోగం సంపాదించారు. టార్డెబిగ్ అనే చోట, వరుసగా ముప్ఫై లాకులున్న కాలువ పైభాగాన, క్రెస్సీ ఐదు సంవత్సరాలు లంగరు వేసి ఉన్నది.

యాత్రను గురించి రాసిన పుస్తకం మాత్రం అచ్చు కాలేదు. ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు తిప్పిపంపారు. యుద్ధకాలంలో కాగితానికే కరువు. కాలువలను గురించి ఎవరు చదువుతారు? చివరకు పల్లె జీవితంపై ప్రఖ్యాతుడైన రచయిత హెచ్.జె. మాసింగ్‌హామ్ ఆదరణతో 1944 డిసెంబరులో ఆ పుస్తకం నేరో బోట్ అనే పేర వెలువడింది. యుద్ధంతో అలసిన ప్రజలు దానిని ఆదరంతో చదివారు. తమ ఊళ్ల వెనుకనే ఇట్టి లోకం ఒకటి ఉన్నదని చాలామందికి అప్పుడే తెలిసింది. అందులో అంకెల పట్టికలు లేవు. లాకులు కాచేవారు, పడవలు చెక్కే వడ్రంగులు, కాలువ గట్టున సత్రాలు నడిపేవారు ఉన్నారు.

ఆ పుస్తకం చదివి లండనులో ఉన్న రాబర్ట్ ఐక్‌మన్ అనే రచయిత ఉత్తరం రాశారు. 1945లో వచ్చి క్రెస్సీలో కలుసుకొన్నారు. ఫలితంగా 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ అనే సంఘం పుట్టింది. ఐక్‌మన్ అధ్యక్షులు, కాలువల చరిత్రకారుడు చార్లెస్ హాడ్‌ఫీల్డ్ ఉపాధ్యక్షులు, రోల్ట్ గౌరవ కార్యదర్శి. మరుసటి సంవత్సరమే ఒక పరీక్ష వచ్చింది. బర్మింగ్‌హామ్ సమీపాన లిఫర్డ్ వద్ద, స్ట్రాట్‌ఫర్డ్ కాలువ మీద రైల్వే కంపెనీ అడ్డంగా తక్కువ ఎత్తున ఇనుప వంతెన వేసి పడవల దారి మూసింది. చట్టం ప్రకారం ఆ కాలువ మీద ప్రజలకు ప్రయాణపు హక్కు ఉన్నది. ముందుగా నోటీసు ఇస్తే వంతెన ఎత్తుతామని పార్లమెంటులో ప్రభుత్వం హామీ ఇచ్చింది. రోల్ట్ వెంటనే నోటీసు ఇచ్చి, 1947 మే నెలలో క్రెస్సీని తీసుకొని వెళ్లారు. రైల్వే పనివారు జాకీలు పెట్టి వంతెనను పైకెత్తగా, చూడవచ్చిన జనం మధ్య పడవ దాటింది. ఆ కాలువ అప్పటికి నాచుతో, చెత్తతో నిండి ఉన్నది. ఎవరూ వాడనిదాన్ని మూసివేయడం సులభమనీ, అందుచేత ఎంత కష్టమైనా వాడి చూపాలనీ ఆయన పద్ధతి.

అయితే సంఘం పెరిగినకొలదీ అభిప్రాయభేదాలు కూడా పెరిగాయి. ప్రతి మైలు కాలువను కాపాడి తీరవలసిందేనని ఐక్‌మన్ పట్టు. సరకు మోసే పడవలు, వాటిని నడిపే కుటుంబాలు బ్రతికి ఉండే కాలువల మీద ముందుగా దృష్టి పెట్టాలని రోల్ట్ వాదం. ఆ కుటుంబాలు పోయి, విహార నౌకలు మాత్రమే తిరిగే కాలువ ఆయన దృష్టిలో ప్రాణం లేని దేహం వంటిది. వివాదం ముదిరి, 1951లో సంఘం ఆయనను సభ్యత్వం నుంచి తొలగించింది. ఏ పుస్తకం వల్ల సంఘం పుట్టిందో ఆ పుస్తకం రాసినవారినే వెలివేయడం విచిత్రమైన సంగతి. అదే కాలంలో ఏంజెలా ఆయనను విడిచి సర్కస్ కంపెనీలో చేరారు. పన్నెండు సంవత్సరాలు ఇల్లుగా ఉన్న క్రెస్సీ కొయ్య కుళ్లి, ఇక పనికిరాదని తేలింది. నలభై ఒకటవ ఏట ఆయనకు ఇల్లు, ఇల్లాలు, తాను స్థాపించిన సంస్థ మూడూ ఒక్కసారిగా లేకుండా పోయాయి.

ఈ తగవులో న్యాయం ఎవరి వైపు? మా అభిప్రాయంలో ఇద్దరూ సగం గెలిచారు, సగం ఓడారు. 1962–63 శీతాకాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టి, సరకు రవాణా దాదాపు ముగిసిపోయింది. 1963లో ప్రభుత్వ సంస్థ తన సరకు పడవలను మానివేసింది. రోల్ట్ కాపాడదలచిన జీవనవిధానం నిలవలేదు. కాలువలు మాత్రం నిలిచాయి. 1968 రవాణా చట్టం విహారానికి కూడా కాలువలను పోషించవచ్చునని అంగీకరించింది. అది ఐక్‌మన్ దారి. ఆ దారికి బాట వేసింది నేరో బోట్.

కాలువల వద్ద తలుపు మూసుకొనేనాటికే రోల్ట్ మరొక పనికి పూనుకొన్నారు. వేల్సులో టవిన్ ఊరి నుంచి కొండలలోకి సుమారు ఏడు మైళ్లు సాగే టాలిల్లిన్ రైలుమార్గం ఉన్నది. ఇళ్ల పైకప్పులకు వాడే పలకరాతిని దించడానికి 1860లలో దానిని వేశారు. పట్టాల మధ్య దూరం 2 అడుగుల 3 అంగుళాలు. గని మూతబడినా, యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ తాను బ్రతికి ఉన్నంతకాలం రైలు నడిపి తీరుతానని పట్టుబట్టి, నష్టంతోనే నడిపారు. 1950 జూలైలో ఆయన కన్నుమూశారు. అదే అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో రోల్ట్, ఆయన మిత్రులు సభ జరిపి, అభిమానులే స్వచ్ఛందంగా ఆ రైలును నడపాలని నిశ్చయించారు. అంతకు ముందు ప్రపంచంలో ఎక్కడా ఇట్టి పని జరగలేదు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు సెలవురోజులలో వచ్చి రైలు నడపడమా అని నవ్వినవారూ ఉన్నారు.

1951 మే 14న సంఘం తొలి రైలు కదిలింది. రోల్ట్ రెండు వేసవులు అక్కడ మేనేజరుగా ఉన్నారు. మేనేజరనగా బల్ల ముందు కూర్చొనే ఉద్యోగమని భావించరాదు. గడ్డిలో మునిగిన పట్టాలు, పుచ్చిన స్లీపర్లు. పనిచేసే ఇంజను ఒక్కటే, అది 1866 నాటిది. మూతబడిన మరొక చిన్న రైలుమార్గం నుంచి 25 పౌండ్ల చొప్పున రెండు పాత ఇంజన్లు కొన్నారు. వాటిలో ఒకదాని చక్రాలు సన్నవి, ఇక్కడి పట్టాలు అరిగి ఎడం పెరిగినవి. అది పట్టాల నడుమకు జారిపడేది. రెండవది 1921లో కెర్ స్టువర్ట్ కర్మాగారంలో తయారైనది. తాను అప్రెంటిస్‌గా పనిచేసిన కర్మాగారం మూతబడి ఇరవై ఏళ్లయినా, అక్కడి పనితనం ఇక్కడ తిరిగి పట్టాలెక్కింది. ఈ అనుభవాలను 1953లో రైల్వే అడ్వెంచర్ అనే పుస్తకంగా రాశారు. తరువాతి కాలంలో బ్రిటనులో వందకు పైగా పాత రైలుమార్గాలను అభిమానులు నడపసాగారు. మన డార్జిలింగ్ రైలును 1999లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన యునెస్కో, 2021లో వేల్సు పలకరాతి ప్రాంతాన్ని గుర్తించినప్పుడు అందులో టాలిల్లిన్ కూడా చేరింది.

ఆ తరువాత రోల్ట్ స్టాన్లీ పాంట్‌లార్జ్ ఇంటికి చేరి పూర్తిగా కలం మీదనే ఆధారపడ్డారు. యుద్ధకాలంలో స్వయంగా సరకు పడవ నడిపిన సోనియా ఆయనకు రెండవ భార్య అయ్యారు. 1955లో రెడ్ ఫర్ డేంజర్ వెలువడింది. ఇది రైలు ప్రమాదాల చరిత్ర. భీభత్సాన్ని వర్ణించి పాఠకుని ఆకట్టుకొనే పుస్తకం కాదు. ప్రతి ప్రమాదం నుంచి ఏ నియమం పుట్టిందో చెప్పే పుస్తకం. 1889లో ఐర్లండులోని ఆర్మా వద్ద విహారయాత్రకు పోతున్న రైలు ఎత్తు ఎక్కలేక నిలిచింది. సిబ్బంది రైలును రెండుగా విడదీశారు. ఇంజను నుంచి విడిపడితే పనిచేయని బ్రేకులవి. వెనుక పెట్టెలు పల్లానికి దొర్లిపోయి వెనుక వస్తున్న రైలును ఢీకొన్నాయి. 80 మంది, వారిలో అనేకులు పిల్లలు, మరణించారు. అదే సంవత్సరం పార్లమెంటు చట్టం చేసి, రైలు తెగితే తనంతట తానే పట్టుకొనే బ్రేకులను తప్పనిసరి చేసింది. ఇంజనీరింగు విద్యార్థులు పాఠ్యపుస్తకానికి ముందు ఈ పుస్తకం చదవడం మంచిది.

1957లో బ్రూనెల్, 1958లో టెల్ఫర్డ్, 1960లో స్టీఫెన్‌సన్ తండ్రీకొడుకుల జీవితచరిత్రలు వచ్చాయి. మరుగున పడుతున్న బ్రూనెల్ పేరు మళ్లీ జనం నోట నానడానికి రోల్ట్ గ్రంథం ముఖ్యకారణం. అందులో లోపం లేకపోలేదు. గ్రేట్ ఈస్టర్న్ నౌకను నిర్మించిన స్కాట్ రసెల్‌ను ఆయన దాదాపు ప్రతినాయకునిగా చిత్రించారు. అది న్యాయం కాదని తరువాతి చరిత్రకారులు వాదించారు. తాను ప్రేమించినవారి పక్షాన గట్టిగా నిలబడడం ఆయన స్వభావం. చరిత్రకారునికి అది ఒక్కొక్కసారి చిక్కు తెస్తుంది.

పట్టా లేని ఈ మెకానిక్‌కు న్యూకాజిల్, బాత్ విశ్వవిద్యాలయాలు గౌరవ పట్టాలిచ్చాయి. 1974 మే 9న ఆయన మరణించారు. ఆత్మకథలో మొదటి భాగం 1971లోనే వెలువడగా, రెండవది 1977లో, మూడవది 1992లో వచ్చాయి. ఐర్లండులో పీట్ నేలల మీద పనిచేసిన ఒక ఇంజను భాగాలతో టాలిల్లిన్ కార్యకర్తలు ఏళ్ల తరబడి శ్రమించి కొత్త ఆవిరి ఇంజనును తయారుచేసుకొన్నారు. 1991లో అది పట్టాలెక్కింది. దాని పేరు టామ్ రోల్ట్.