డిచ్‌పల్లి డాక్టరమ్మ

మిరుదొడ్డి నుంచి రామాయంపేట చేరి, అక్కడ పెద్ద రోడ్డెక్కి కామారెడ్డి దాటి వెళితే నిజామాబాదు రాకముందే డిచ్‌పల్లి వస్తుంది. ఈ ప్రాంతపు క్రైస్తవులమైన మనకు మిషనరీల మాట రాగానే మెదక్ గుర్తొస్తుంది, పోస్నెట్ దొరగారు గుర్తొస్తారు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మహాదేవాలయం గుర్తొస్తుంది. అదే వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున వచ్చి, డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల మధ్య జీవితం గడిపిన డాక్టర్ ఇసబెల్ కెర్ మాత్రం మన ప్రసంగాల్లో అరుదుగా వినబడుతుంది. కుష్ఠు వైద్య చరిత్ర చదివినవారికి ఆమె కొత్త కాదు. కొత్త అయితే అది మనకే.

ఆమె 1875లో స్కాట్లండులో ఒక రైతు ఇంట పుట్టింది. ఆడపిల్లలు వైద్యం చదవడమే అపురూపమైన ఆ రోజుల్లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో పట్టా పుచ్చుకుంది. ఆ ఏడే జార్జి కెర్ అనే పాస్టరును వివాహమాడింది. ఆయన అంతకుముందు వడ్రంగం చేసినవాడు, ఆఫ్రికాలో మిషనరీగా ఉండి వచ్చినవాడు. దంపతులిద్దరూ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు.

ఇక్కడ ఆమె కంటపడింది కుష్ఠు. ఈ వ్యాధి వేళ్ళను తినేస్తుందని మన పెద్దలు అనుకునేవారు. నిజానికి సూక్ష్మక్రిమి నరాలను దెబ్బతీస్తుంది. చర్మానికి స్పర్శ పోతుంది. పొయ్యి దగ్గర చెయ్యి కాలినా తెలియదు, కాలిలో ముల్లు దిగినా తెలియదు. తెలియని గాయం పుండవుతుంది, పుండు ముదిరి వేళ్ళు పోతాయి. అంటే తొలి మచ్చ కనబడినప్పుడే వైద్యుడి దగ్గరకు రావాలి. కానీ మచ్చ బయటపడితే ఊరు వెలివేస్తుందన్న భయంతో దాన్ని దాచేవారు. ఇక దాచలేని స్థితికి వచ్చాక, వెలి ఎటూ తప్పదనుకున్నాకే వచ్చేవారు. అప్పటికి ఆలస్యమైపోయేది.

కెర్ దంపతులు 1911లో నిజామాబాదులో ఈ రోగుల కోసం ఒక కేంద్రం తెరిచారు. వచ్చేవారి సంఖ్యకు ఆ చోటు చాలలేదు. అప్పుడు ఆదుకున్నది మిషను ఖజానా కాదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన విరాళంతో డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచింది. 1915 నుంచి అక్కడ పని సాగింది. ఈ సంగతి మనం గట్టిగానే చెప్పుకోవాలి, ఎందుకంటే సేవంతా మనమే చేశామని చెప్పుకునే అలవాటు మనకు కొంచెం ఉంది. 1920ల తొలి సంవత్సరాలకు అక్కడ నూట ఇరవై దాకా కట్టడాలు, నాలుగు వందల మందికి పైగా రోగులు ఉండేవారు.

చుట్టూ సముద్రం లేకపోయినా అదొక ద్వీపమే. చుట్టూ ఉన్నది నీళ్ళు కాదు, భయం. ఊళ్ళో దొరకని వైద్యం అక్కడ దొరికేది. అయితే దాని కోసం ఇంటినీ, పొలాన్నీ, పిల్లలనూ ఈవల ఒడ్డున వదిలి వెళ్ళాల్సి వచ్చేది. ఆ రోజుల్లో చాలాచోట్ల కుష్ఠు ఆశ్రమాలంటే తిండి పెట్టి, బట్ట ఇచ్చి, చావు వచ్చేదాకా నీడ ఇచ్చే చోట్లు. ఇసబెల్ అక్కడితో ఆగలేదు. ఆమె వైద్యురాలు గనుక వైద్యం చేయాలనుకుంది.

అప్పుడున్న మందు హిడ్నోకార్పస్ గింజల నూనె. తాగితే కడుపులో తిప్పి వాంతయ్యేది. కలకత్తాలో రోజర్స్, ఆ తరువాత మ్యూర్ అనే వైద్యులు ఆ మందును సూదిలో ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచారు. ఆమె డిచ్‌పల్లిలో ఆ చికిత్సను చేపట్టింది. చిక్కటి నూనె, నొప్పి పెట్టే సూది. ఒకటి రెండు సార్లతో పోయేది కాదు, నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఓర్చుకోవాలి. పైగా అది అందరికీ పనిచేసిన మందూ కాదు. అయినా తొలిదశలో వచ్చినవారికి ఇల్లు చేరే ఆశ కలిగింది. ఆ సేవకు 1923లో దంపతులిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె ప్రభువునందు నిద్రించింది. వ్యాధిని నిజంగా లొంగదీసిన డాప్సోన్ 1940లలో గాని వాడుకలోకి రాలేదు. దాన్ని ఆమె చూడలేదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టుకున్న సంగతి మనకు కంఠతా వచ్చు. ఆ వెంటనే అతణ్ణి యాజకుని దగ్గరకు పంపిన సంగతి మీద మాత్రం మనం ఎక్కువసేపు నిలవము. లేవీయకాండం ప్రకారం యాజకుడు చూసి పవిత్రుడని చెబితే తప్ప ఆ మనిషి పాళెంలోకి తిరిగి రాలేడు. ఒళ్ళు బాగయింది సరే, ఊరి తలుపు కూడా తెరుచుకోవాలి కదా! డిచ్‌పల్లిలో సూది ఇవ్వడం డాక్టరమ్మ చేతిలో ఉండేది. తిరిగివచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం, బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వడం, బల్ల దగ్గర అదే పాత్ర అందించడం ఊరి చేతిలో, సంఘం చేతిలో ఉండేవి.

ఊరి సంగతి అలా ఉంచితే, చట్టమే చాలా ఆలస్యంగా కళ్ళు తెరిచింది. క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టంలో భార్యకో భర్తకో కుష్ఠు ఉండటం విడిపోవడానికి ఒక కారణంగా 2019 దాకా ఉండేది. ఆ ఏడు పార్లమెంటు దాన్ని తీసేసింది, హిందూ వివాహ చట్టంలోంచి కూడా తీసేసింది. బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే సిఫారసు చేసిందని గుర్తుంచుకుంటే, మందు వచ్చిన ముప్పై ఎనిమిదేళ్ళకు చట్టం మారిందన్నమాట.

ఇప్పుడు ఆ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఆరు నెలలో, ఏడాదో వాడితే చాలు. డిచ్‌పల్లి దాకా నడవక్కరలేదు, ఎవరినీ వదిలి వెళ్ళక్కరలేదు, ఇంట్లోనే ఉండి మింగొచ్చు. అయినా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నాయా అని అడిగితే, వీపు మీది మచ్చను పైట చెంగుతో కప్పుకుని లేవనే అమ్మలు ఉన్నారు. వాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నారు, ఆదివారం మన పక్క వరుసలోనే కూర్చుంటున్నారు.