అమృతాంజన్ తర్వాతి తరానికి ఎలా అందింది?



అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట మీలో చాలామంది 'వ్యాపారం' అని రాస్తారు. ధర్మపురిలో అది మామూలే. పూజ సామాను కొట్లు, కిరాణం, బట్టల దుకాణాలు, విత్తనాలు, ఎరువుల షాపులు మన ఊరికి కొత్త కాదు. పిల్లలు పెద్దయ్యాక ఏం కావాలని అడిగితే మాత్రం డాక్టర్ అంటారు, ఇంజనీర్ అంటారు. తప్పేం లేదు. మరి ఇన్నేళ్లు కష్టపడి నిలబెట్టిన ఆ కొట్టు సంగతేమిటి? ఈ నెల కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి గురించి చెబుతున్నది ఈ ప్రశ్న కోసమే.

మీ ఇంట్లో తలనొప్పికి రాసుకునే అమృతాంజన్ ఆయనదే. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులో, మద్రాసులో చదువుకున్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో మెళకువలు నేర్చుకున్నారు. తర్వాత బొంబాయిలో విలియం అండ్ కంపెనీలో చేరి, కొంతకాలానికి దానికే యజమాని అయ్యారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ వ్యాపారం ఆయనకు తండ్రి ఇచ్చింది కాదు. పని నేర్చుకున్నవాడి చేతికి వచ్చింది. వారసత్వం అనగానే మనకు కొడుకే గుర్తొస్తాడు గానీ, అన్ని వ్యాపారాలూ ఆ దారిలోనే చేతులు మారవు.

1893లో అమృతాంజన్ మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. డబ్బు బాగా వచ్చింది. వచ్చిన డబ్బును ఆయన పత్రికల మీద, పుస్తకాల మీద పెట్టారు. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక, ఆ తర్వాత ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. అడిగినవారికి లేదనకుండా ఇచ్చేవారు కాబట్టి జనం ఆయన్ని విశ్వదాత అన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు కూడా వెళ్లారు. యజమాని జైల్లో ఉంటే వ్యాపారం ఎవరు చూడాలి? మీరు నాలుగు రోజులు జ్వరంతో పడుకుంటే మీ కొట్టు ఎవరు తీస్తారు? రెండూ ఒకటే ప్రశ్న.

1936లో అమృతాంజన్ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. అప్పటికి పంతులు గారికి డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి. కంపెనీ కావడం అంటే పేరు చివర ఒక మాట చేరడం మాత్రమే కాదు. వాటాలు ఎవరెవరివో కాగితం మీద ఉంటుంది. నిర్ణయాలు తీసుకోవడానికి డైరెక్టర్లు ఉంటారు. ఏటా లెక్కలు ఆడిట్ కావాలి. యజమాని బుర్రలో ఉన్నది పుస్తకంలోకి వస్తుంది. మన దగ్గర చూడండి. వరి కోతలయ్యాక ఇస్తానన్న రైతుల ఉద్దెర ఎంతో, ఏ హోల్‌సేల్ వ్యాపారికి ఎంత బాకీ ఉందో చాలా కొట్లలో నాన్నకు ఒక్కడికే తెలుసు. ఆయనకు ఏదైనా అయితే కొడుకు తాళంచెవి పట్టుకుని నిలబడాల్సిందే. ఆస్తి పంపకాల గురించి మాట్లాడటం అపశకునం అనుకునే ఇళ్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

పంతులు గారు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. కంపెనీ అయిన రెండేళ్లలోపే. బాధ్యతలు అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారి మీద పడ్డాయి. అప్పటికి ఆయనకు ముప్ఫై కూడా నిండలేదు. ఒక చేతిలో సంపాదించి పెట్టే మందు, మరో చేతిలో పత్రికలు. ఒక్క మందునే ఉంచుకుని ఉంటే పని ఎంతో తేలికయ్యేది. ఆయన అలా చేయలేదు. 1972లో చనిపోయేదాకా రెండింటినీ మోశారు. మామగారి ఆస్తితో పాటు ఆయన ఖర్చునూ వారసత్వంగా తీసుకున్న అల్లుడు అరుదు. నాకైతే ఈ కథలో పంతులు గారి కంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తారు.

తర్వాతి తరానికి కాలం మారింది. పోటీ పెరిగింది, పత్రిక నడపడం భారమైంది. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. ఆ వార్త విని బాధపడ్డ పాఠకులు మీ ఇళ్లలోని పెద్దవాళ్లలోనూ ఉండొచ్చు, అడిగి చూడండి. అమృతాంజన్ మాత్రం ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే నడుస్తోంది. ధర్మపురిలో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా ఆ పసుపు రంగు మందు దొరుకుతుంది.