పేరు ఆశించని పండితుడు

మన పొరుగున ఉన్న పుంగనూరుకు 18వ శతాబ్దం తొలినాళ్లలోనే ఫ్రెంచి జెసూట్ గురువులు వచ్చారు. వారి కర్ణాటక మిషన్‌కు చెందిన మహనీయుడే గాస్తోన్ లోరాన్ కేర్దూ. 1691లో ఫ్రాన్సులోని బూర్జ్ నగరంలో పుట్టి, 1732లో మన దేశానికి వచ్చారు. తెలుగు, సంస్కృతం నేర్చి నిఘంటువు కూర్చారు. 1744 నుంచి 1751 వరకు మిషన్‌కు పెద్దగా వ్యవహరించారు.

సంస్కృతానికీ, లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండిత పరిషత్తుకు రాసి పంపారు. అది 1808లో గాని అచ్చు కాలేదు. ఈలోగా 1786లో ఆ చుట్టరికాన్నే చాటిన విలియం జోన్స్‌కు కీర్తి దక్కింది. హిందువుల ఆచారాలపై అబె దుబ్వా పేరిట ప్రసిద్ధికెక్కిన పుస్తకానికి కేర్దూ రాతలే ఆధారమని 20వ శతాబ్దంలో గాని తేలలేదు. 1773లో పోపుగారు జెసూట్ సభనే రద్దు చేశారు. అయినా కేర్దూ స్వదేశానికి మరలిపోలేదు. 1779లో పుదుచ్చేరిలోనే కన్నుమూశారు.

కతోలిక తత్వానికి పెద్దదిక్కయిన పునీత తోమా అక్వినాసు బోధ ప్రకారం, కీర్తి ఉండేది ఇతరుల తలపుల్లో. కనుక మనిషి ఆనందానికి అది ఆధారం కాలేదు. సద్గుణం అభ్యాసంతో స్థిరపడుతుంది. పరిపూర్ణమైన ఆనందం దైవంలోనే దొరుకుతుందన్నది విశ్వాసం. కేర్దూ జీవితం ఈ బోధకు చక్కటి ఉదాహరణ.

మన చేత అక్షరాలు దిద్దించిన అయ్యవార్ల పేర్లు ఏ పలక మీదా లేవు. ఆ అక్షరాలు మాత్రం ఈనాటికీ మనతోనే ఉన్నాయి.