అనంతపుర ప్రతినిధి తరిమెల నాగిరెడ్డి

భారతదేశమున వయోజనులకెల్ల ఓటుహక్కు లభించిన పిమ్మట జరిగిన ప్రథమ సార్వత్రిక ఎన్నికల ఫలితములు ఆంధ్ర జిల్లాలలో పెద్దలను సైతము దిగ్భ్రాంతులను గావించెను. 1952లో ఉమ్మడి మదరాసు రాష్ట్ర శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసు పక్షమునకు 152 మాత్రమే దక్కెను. కమ్యూనిస్టులకు 62 లభించెను. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారంతటివారు మదరాసు హార్బరు నియోజకవర్గమున పరాజితులైరి. ఆ ఫలితములలో జనుల నోళ్ల చిరకాలము నానినది అనంతపురము నియోజకవర్గపు ఫలితము. అచ్చట ఆంధ్ర కాంగ్రెసు సంఘాధ్యక్షులగు నీలం సంజీవరెడ్డిగారిని, కారాగారమున నుండియే పోటీచేసిన యొక కమ్యూనిస్టు అభ్యర్థి ఓడించెను. ఆయనయే తరిమెల నాగిరెడ్డిగారు. సంజీవరెడ్డిగారి ధర్మపత్ని నాగరత్నమ్మగారికి స్వయముగా సోదరులు.

నాగిరెడ్డిగారు 1917 ఫిబ్రవరి 11వ తేదీన అనంతపురము జిల్లా తరిమెల గ్రామమున సంపన్న రైతు కుటుంబమునందు జన్మించిరి. తండ్రి సుబ్బారెడ్డిగారు, తల్లి నాగమ్మగారు. మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాలయందును, మదరాసు లయోలా కళాశాలయందును, పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందును వారి విద్యాభ్యాసము సాగెను. పెద్ద యుద్యోగమో న్యాయవాద వృత్తియో చేపట్టి సుఖముగా కాలము గడుపదగిన చదువది. అందులకు వలయు సిరియు ఇంట గలదు. కాని విద్యార్థి దశయందే మార్క్సు సిద్ధాంతము వారి మనస్సును లోగొనెను. రెండవ ప్రపంచయుద్ధము వలన ప్రజల జీవనముపై బడు ఆర్థిక భారమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమునకుగాను 1940లో వారికి కారాగారవాసము ప్రాప్తించెను. స్వాతంత్ర్యమునకు పూర్వము ప్రకాశంగారి మంత్రివర్గ కాలమున వెలువడిన ఆర్డినెన్సు క్రిందను వారు నిర్బంధమున కెరయైరి. కలవారి యింట బుట్టి లేనివారి పక్షము వహించుట ఆ తరమున కేవలము అరుదు గాదు. నెల్లూరు జిల్లా సుందరయ్యగారి కథయు ఇట్టిదే. కాని అట్టివారు తమ బంధుకోటికే ఎదురు నిలువవలసి వచ్చుట మాత్రము అందరికిని సంభవించినది కాదు.

ప్రత్యర్థి సామాన్యుడు కాడు. సంజీవరెడ్డిగారు 1913లో అదే జిల్లా ఇల్లూరున జన్మించి, 1931లో కళాశాల విడిచి జాతీయోద్యమమున జొరబడి, 1940కిని 1945కిని నడుమ హెచ్చుకాలము చెరసాలలోనే గడపిన త్యాగశీలి. 1946లో శాసనసభ్యులై, 1949 మొదలు మంత్రిగా నుండి, ఆ పదవిని వదలుకొని ఆచార్య రంగాగారిపై పోటీచేసి ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షపీఠము నధిష్ఠించిరి. ఇట్టి నాయకునిపై, ప్రభుత్వముయొక్క నిషేధమునకు గురియై, కార్యకర్తలు కొందరు అజ్ఞాతమునను కొందరు చెరలోను మగ్గుచున్న యొక పక్షము అభ్యర్థిని నిలుపుట నాడు పలువురకు సాహసముగనే తోచియుండును. అందును ఆ అభ్యర్థి తన ఓటరులకు ముఖము చూపు అవకాశమైనను లేదు.

ఇచ్చట ఎన్నికల శాసనమును గూర్చి ఒకమాట. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య శాసనము ప్రకారము చెరలోనున్న వ్యక్తి ఓటు వేయరాదు. ముందుజాగ్రత్త నిర్బంధమున నున్నవారికి మాత్రము ఈ నియమమునుండి మినహాయింపు గలదు. కాని శిక్షవలన అనర్హుడు గానంతవరకు చెరలోనివాడు అభ్యర్థిగా నిలుచుటకు అడ్డులేకుండెను. తాను ఓటు వేయజాలని వాడును ఇతరుల ఓట్లు పొంది సభకు పోవచ్చునన్నమాట. శాసనసభ అభ్యర్థి చెల్లించవలసిన ధరావతు 250 రూపాయలు. పేద పక్షములకు అదియు భారమే. డిపాజిట్టు పోగొట్టుకొన్నవారి సంఖ్య ఆ యెన్నికలలో తక్కువ గాదు.

నాటి పోలింగు పద్ధతియు నేటివలె నుండెడిది కాదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. దానిపై ఆయన గుర్తు. కాంగ్రెసు పెట్టెపై కాడియెడ్లు, కమ్యూనిస్టు పెట్టెపై కంకి కొడవలి. ఓటరు మరుగునకు బోయి తనకు నచ్చిన పెట్టెలో చీటి వేసి రావలెను. అక్షరము రాని కూలివాని కిది మిక్కిలి అనుకూలము. కాడియెడ్లను ఎరుగని రైతు లేడు గాని, కొడవలి పట్టని కూలియు లేడు. దానికి తోడు 1951-52 సంవత్సరములలో రాయలసీమను ఘోరక్షామము పీడించెను. చెరువులెండి, పశువులకు మేతలేక, గంజి కేంద్రములయొద్ద జనులు బారులు దీరిన కాలమది. ఆకలిగొన్నవాడు అధికారమున నున్నవారినే మొదట నిలదీయును. ప్రచారము చేయుటకు అభ్యర్థి లేకున్నను కరవు వారి పక్షమున ప్రచారము చేసెననుట అతిశయోక్తి గాదు. అట్లని గెలుపునంతటిని కరవునకే కట్టబెట్టుట న్యాయము గాదు. వంశపారంపర్యముగ వచ్చిన సంపదను లెక్కసేయక పేదలతో గలసి మెలసిన నడవడి ఆ జిల్లా గ్రామములకు సుపరిచితము.

ఇట్లు ముప్పదియైదేండ్ల ప్రాయమున నాగిరెడ్డిగారు మదరాసు శాసనసభ ప్రవేశించి, రాజాజీ ముఖ్యమంత్రిగా నున్న ఆ సభలో ప్రతిపక్ష నాయకులైరి. కమ్యూనిస్టులే తమకు ప్రథమ శత్రువులని సభాముఖముననే ప్రకటించినవారు రాజాజీ. వయస్సున, అనుభవమున, వాక్చాతుర్యమున తమకంటె ఎన్నో రెట్లు పెద్దయైన వానికి ఎదురుగా కూర్చుండి సమాధానము లడుగుట చిన్న పనిగాదు. మరియొక వింత. మంత్రివర్గ నిర్మాణమునకై కాంగ్రెసేతరులు సంఘటితులైనపుడు కమ్యూనిస్టులు తమ నాయకునిగా అంగీకరించినది ప్రకాశంగారినే. ఎవరి కాలపు ఆర్డినెన్సు తమవారిని చెరకు బంపినదో వారినే! రాజకీయములలో పగలును పొత్తులును ఎంతకాల ముండునో చెప్పుట కష్టము.

అల్పసంఖ్యాక పక్షముల భాగ్యము ఎన్నికల అంకగణితముపై నాధారపడియుండును. 1955లో ఆంధ్ర రాష్ట్రమున మధ్యంతర ఎన్నికలు జరిగినప్పుడు కాంగ్రెసువారును తోడి పక్షములును ఐక్యసంఘటనగా నేర్పడిరి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చియు, 196 స్థానములలో దక్కినవి 15 మాత్రమే. 1952లో ప్రత్యర్థుల ఓట్లు చీలుటచే కలిగిన లాభము, 1955లో ఆ ఓట్లు ఒకటగుటచే హరించిపోయెను.

1957లో ఆంధ్ర జిల్లాలయందు శాసనసభకు ఎన్నికలు లేవు, లోకసభకు మాత్రమే జరిగెను. అనంతపురము వారు నాగిరెడ్డిగారిని ఢిల్లీకి బంపిరి. ఆ లోకసభలో కమ్యూనిస్టులు 27 మంది. కాంగ్రెసువారు 371 మంది. నేడు మన తెలుగు యువకులు సివిల్ సర్వీసు పరీక్షల పుస్తకములకై అంగడి అంగడి తిరుగు బేర్ సరాయ్ అప్పటికి నగరపు సందడి సోకని పల్లె, దాపున ఐ.ఐ.టి. గాని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము గాని ఇంకను వెలయలేదు. ఆ ఢిల్లీలో అయిదేండ్లు ప్రాతినిధ్యము వహించి, 1962లో వారు పుట్లూరు నియోజకవర్గము నుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మరలిరి. 1964లో పార్టీ చీలగా మార్క్సిస్టు పక్షమున నిలిచి, 1967లో అనంతపురము నుండి తిరిగి ఎన్నికైరి. 287 మంది గల ఆ సభలో వారి పక్షపు బలము తొమ్మిది!

తొమ్మిదిమంది సభ్యులతో ఏ బిల్లును ఆపగలరు? ప్రశ్నలు వేయవచ్చును, అర్జీలు చదువవచ్చును, కరవు జిల్లా గోడు వినిపించవచ్చును. ఇదియే గొప్ప సేవయని తృప్తిజెందు సభ్యులు పెక్కుమంది గలరు, అది తప్పును గాదు. వావిలాల గోపాలకృష్ణయ్యగారు సత్తెనపల్లి నుండి నాలుగు పర్యాయములు స్వతంత్రులుగా నెన్నికై ఒంటరిగనే ఎంతో సాధించిరి. కాని నాగిరెడ్డిగారి మనస్సు వేరొక త్రోవ బట్టెను. చట్టసభలవలన పేదవాని బ్రతుకు మారదను నిశ్చయమునకు వచ్చి, మార్క్సిస్టు పక్షముతోను తెగతెంపులు చేసికొని, 1969లో సభ్యత్వమునకు రాజీనామా యిచ్చి వెడలిపోయిరి. పదునేడేండ్ల క్రిందట చెరలోనున్నను తమను సభకు బంపిన అనంతపురపు ఓటరులకు ఇది న్యాయమా యని అడుగువారు నాడును గలరు. ఆ మార్గము సరియైనదని ఒప్పుకొనుట ప్రజాస్వామ్యమును నమ్మినవారికి సాధ్యము గాదు. అయినను గెలిచిన స్థానమును, జీతభత్యములను, సభలోని గౌరవమును ఒక విశ్వాసముకొరకు విడిచిన నిజాయితీని శంకించుటకును వీలులేదు.

ఆ యేటి చివర వారు నిర్బంధింపబడి హైదరాబాదు కుట్రకేసున ముద్దాయియైరి. ఆ కేసులో న్యాయస్థానమునకు సమర్పించిన సుదీర్ఘ వాఙ్మూలమే తరువాత తాకట్టులో భారతదేశము అను గ్రంథముగా వెలువడెను. విదేశీ మూలధనము మన ఆర్థికవ్యవస్థను ఎట్లు బంధించినదో అంకెలతో నిరూపింప బూనిన ఆ రచన వారి సిద్ధాంతము నంగీకరింపనివారును చదువదగినది. పిదప విడుదలయైనను, 1975లో అత్యయిక పరిస్థితి విధింపబడగా మరల అజ్ఞాతవాసము తప్పలేదు. అజ్ఞాతముననే అస్వస్థులై 1976 జులై 28వ తేదీన, తమ అరువదవ యేట, పరమపదించిరి.

బావగారి కథ అంతటితో ముగియలేదు. 1952లో ఓడిన సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రియై, 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రియై, కేంద్రమంత్రియు లోకసభాధ్యక్షులునై, 1971లో అదే అనంతపురమున లోకసభకు నిలిచి మరల పరాజయము పొందిరి. 1977 మార్చిలో వారు జనతా అభ్యర్థిగా నంద్యాల నుండి నిలిచిరి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసుకే దక్కెను. మిగిలిన ఆ యొక్క స్థానమున గెలిచినది సంజీవరెడ్డిగారు. రాష్ట్రమంతట ఒక్కరే యగు అల్పసంఖ్యాక ప్రతినిధిగా నుండుట ఎట్టిదో బావగారికిని అప్పుడు అనుభవమునకు వచ్చెను. ఆ జులైలో రాష్ట్రపతి పదవికి దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కృతములు గాగా, ఎన్నిక లేకయే వారు రాష్ట్రపతియైరి. తరిమెల ఆడపడుచు నాగరత్నమ్మగారు రాష్ట్రపతి గృహిణిగా ఢిల్లీలో కాపురము పెట్టునప్పటికి సోదరుడు గతించి సరిగా ఒక సంవత్సరము కావచ్చెను.