పణంగా పెట్టిన జీవితం: రాజపాళయం కుమారస్వామి రాజా

పడమట పశ్చిమ కనుమలు, ఊరిని ఆనుకొని సంజీవి కొండ, చుట్టూ పత్తి చేలు, నడుమ నూలు మిల్లులు. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాకు చెందిన రాజపాళయం స్వరూపం ఇది. 1985కు పూర్వం ఈ ఊరు రామనాథపురం జిల్లాలో ఉండేది. విజయనగర రాజుల కాలంలో దక్షిణానికి తరలివచ్చినట్లుగా చెప్పుకొనే రాజుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. వీరికి ఇంట తెలుగు, వీధిలో తమిళం. తెలుగు లిపి తెలియని ఇళ్ళలో సైతం అమ్మ పిలుపు తెలుగులోనే వినవస్తుంది. మద్రాసు రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా ఈ ఊరి బిడ్డ.

యౌవనంలో ప్రతి మనిషి ముందు రెండు త్రోవలు నిలుస్తాయి. ఒకటి పెద్దలు నడిచిన త్రోవ. అందులో నెల తిరిగేసరికి జీతమో, ఏడాది తిరిగేసరికి పంటో చేతికి వస్తుంది. రెండవది చేతిలో ఉన్నదానిని పణంగా పెట్టి, రానున్నది తెలియకుండా నడవవలసిన త్రోవ. ఈ తరంలో చదువుకున్న యువకులు కొందరు ఉద్యోగం విడిచిపెట్టి, పేక ముక్కలతో ఆడే పోకర్‌నే వృత్తిగా చేసుకోదలచినప్పుడు ఇళ్ళలో రేగే కలవరం ఇటువంటిదే. నూరేళ్ళ క్రితం రాజపాళయంలో ఒక యువకుడు నిశ్చితమైన బ్రతుకును ప్రక్కకు నెట్టి, ఫలితం తెలియని రంగంలోకి దిగాడు. అయితే ఆయన దిగినది జూదంలోకి కాదు, దేశ స్వాతంత్ర్యోద్యమంలోకి. పణం పెట్టడంలో ఎన్ని రకాలున్నాయో ఆయన జీవితాన్ని చూస్తే తెలుస్తుంది.

తల్లిదండ్రులు లేని బాల్యం

కుమారస్వామి రాజా 1898 జులై 8న రాజపాళయంలో జన్మించారు. పుట్టిన ఎనిమిది రోజులకే తల్లి కన్నుమూసింది. మూడేళ్ళ ప్రాయంలో తండ్రి సంజీవి రాజా కూడా గతించారు. అవ్వ, అక్కగారు ఆయనను పెంచి పెద్దచేశారు. చదువు స్వగ్రామంలోనే సాగింది.

నాటి రాజుల కుటుంబాలలో మగపిల్లవాని భవిష్యత్తు దాదాపు పుట్టుకతోనే నిర్ణయమై ఉండేది. భూమి చూసుకోవడం, పత్తి వ్యాపారం చేయడం, ఊరి పెద్దరికం నిలబెట్టుకోవడం. అందులో అగౌరవమేమీ లేదు. అదే ఊరికి చెందిన పి.ఎ.సి. రామస్వామి రాజా వ్యాపార మార్గంలో నడచి, 1936లో రాజపాళయం మిల్లును స్థాపించి, ఊరికి పారిశ్రామిక పట్టణమన్న పేరు తెచ్చారు. తల్లీతండ్రీ లేని పిల్లవాడు ఉన్న ఆస్తిని కాపాడుకొని ఒక ఇంటివాడైతే చాలునని పెంచినవారు కోరుకోవడం సహజం.

కాని కాలం మరొక విధంగా ఉన్నది. 1916లో అనిబిసెంట్ మద్రాసు కేంద్రంగా హోంరూల్ ఉద్యమాన్ని ఆరంభించేనాటికి కుమారస్వామి రాజాకు పద్దెనిమిదేళ్ళు. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చేనాటికి ఇరవై రెండేళ్ళు. మొదట అనిబిసెంట్ ప్రభావం, తరువాత గాంధీజీ ప్రభావం ఆయనపై గాఢంగా పడ్డాయి. సత్యమూర్తితో ఏర్పడిన స్నేహం ఆయనను కాంగ్రెసు రాజకీయాలలో స్థిరపరచింది.

నాటి కాంగ్రెసులో చేరడమంటే పదవి కోసం చేరడం కాదు. పదవులు లేవు, జీతాలు లేవు. ఉన్నవి ఖద్దరు, ఊరూరా తిరుగుడు, చెరసాల. స్వరాజ్యం వస్తుందో రాదో, వచ్చినా తమ జీవితకాలంలో వస్తుందో రాదో ఎవరూ చెప్పలేని కాలం అది. ఇంటి పెద్దల దృష్టిలో అది పేకాట కంటే మేలైన పందెమేమీ కాదు. కుమారస్వామి రాజా ఆ పందెంలో తన సమయాన్ని, సంపదను, స్వేచ్ఛను పెట్టారు. స్థానిక పరిపాలనలో పనిచేస్తూ ప్రజాజీవితం ఆరంభించి, సత్యాగ్రహోద్యమంలో కారాగారవాసం కూడా అనుభవించారు.

ఢిల్లీ, మద్రాసు

1934లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఆరేళ్ళు. అదే సభకు మద్రాసు నగరం నుండి సత్యమూర్తి ఎన్నికయ్యారు. 1937లో మద్రాసు రాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలలో 215 స్థానాలకు 159 స్థానాలను కాంగ్రెసు గెలుచుకున్నది. ఆ గెలిచినవారిలో కుమారస్వామి రాజా ఒకరు. అధికారం చేతికి వచ్చినా సంపాదనకు అందులో చోటు లేదు. మంత్రుల జీతం నెలకు 500 రూపాయలు మించరాదని కాంగ్రెసు 1931లో కరాచీలో చేసిన నిర్ణయాన్ని రాజాజీ మంత్రివర్గం పాటించింది. 1939లో యుద్ధం రాగానే ఆ మంత్రివర్గమూ రాజీనామా చేసింది. గెలిచిన పందెం రెండేళ్ళకే చేజారింది.

1946లో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం ఏర్పరచిన మంత్రివర్గంలో కుమారస్వామి రాజాకు స్థానం లభించింది. ప్రకాశం తరువాత ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రధానమంత్రి అయ్యారు. నాడు రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధానమంత్రి అనే వ్యవహరించేవారు. కాంగ్రెసులోని అంతర్గత విభేదాల వల్ల రెడ్డియారు తప్పుకొనగా, కామరాజ్ మద్దతుతో 1949 ఏప్రిల్ 6న కుమారస్వామి రాజా ఆ పదవిని స్వీకరించారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు ఆ పదవి పేరు ముఖ్యమంత్రిగా మారింది. ఈ విధంగా ఆయన మద్రాసుకు కడపటి ప్రధానమంత్రి, తొలి ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఆయన పాలించిన రాష్ట్రం శ్రీకాకుళం నుండి కన్యాకుమారి పొలిమేరల వరకు, పడమట మలబారు, దక్షిణ కన్నడం వరకు వ్యాపించి ఉండేది.

జూదంపై చట్టం

ఆయన ప్రభుత్వ పగ్గాలు చేపట్టిన 1949వ సంవత్సరంలోనే మద్రాసులో జూద చట్టాలకు ఒక సవరణ జరిగింది. అంతవరకు జూదమన్న నిర్వచనం నుండి గుర్రప్పందేలకు మినహాయింపు ఉండేది. ఆ మినహాయింపును సవరణ తొలగించింది. కాని చట్టం కాగితంపైనే ఉండిపోయి, 1975లో మాత్రమే అమలుకు వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేలు నేర్పుతో కూడినవని తీర్పు చెప్పింది.

నేర్పు ఎంత, అదృష్టం ఎంత అన్న వాదం నేటి పోకర్ దాకా సాగింది. తమిళనాడు 2022లో చేసిన చట్టం రమ్మీని, పోకర్‌ను అదృష్టంపై ఆధారపడే ఆటల పట్టికలో చేర్చింది. 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు చట్టాన్ని నిలుపుతూనే, ఆ రెండు ఆటలను చేర్చిన పట్టికను కొట్టివేసింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నేర్పు, అదృష్టం అన్న భేదం పాటించక, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. న్యాయస్థానాలు తూచేది ఆటలోని నేర్పును. ఇంటివారు తూచేది వేరొకటి: ఒడ్డినది ఎవరి సొమ్ము, ఓడితే ఎవరు నష్టపోతారు? మాయాజూదంలో ధర్మరాజు చేసిన తప్పు ఓడిపోవడం మాత్రమే కాదు. తనవి కానివారిని, తమ్ములను, ద్రౌపదిని, పణంగా ఒడ్డడం. కుమారస్వామి రాజా యౌవనంలో ఒడ్డినది తన బ్రతుకును మాత్రమే.

అధికారపు పరీక్ష

అధికారంలో ఉన్నవాని నిర్ణయానికి పణమయ్యేది మాత్రం అతని బ్రతుకొక్కటే కాదు, ప్రజల బ్రతుకు కూడా. ఆ మూడేళ్ళు కఠినమైనవి. వర్షాలు లేక తిండిగింజల కొరత, రేషను, నియంత్రణలు. మరొక ప్రక్క కమ్యూనిస్టు ఉద్యమం, దానిపై ప్రభుత్వ నిర్బంధం. 1950 ఫిబ్రవరి 11న సేలం కారాగారంలో జరిగిన కాల్పులలో 22 మంది ఖైదీలు మరణించారు. ఆ మచ్చ నాటి ప్రభుత్వంపై మిగిలిపోయింది.

ఆ ప్రభుత్వ ఉత్తర్వులు మూడు సుప్రీంకోర్టుకు వెళ్ళి, దేశ రాజ్యాంగ చరిత్రలో చేరాయి. క్రాస్‌రోడ్స్ పత్రికపై విధించిన నిషేధం 1950లో రొమేష్ థాపర్ కేసులో చెల్లలేదు. కళాశాల ప్రవేశాలలో కులాలవారీ కేటాయింపు 1951లో చంపకం దొరైరాజన్ కేసులో చెల్లలేదు. ఒక సంఘాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించడం 1952లో వి.జి. రావు కేసులో చెల్లలేదు. మొదటి రెండు తీర్పులు 1951లో జరిగిన తొలి రాజ్యాంగ సవరణకు దారితీశాయి. వెనుకబడిన వర్గాలకు విద్యలో ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం రాజ్యాంగంలోకి వచ్చినది ఆ సవరణతోనే. ఓడిన ఉత్తర్వు నుండి కూడా ఒక మేలు పుట్టింది.

తెలుగువారికి ఆయన పేరు మరొక కారణాన గుర్తుండవలసినది. 1949లో ఆంధ్ర రాష్ట్ర విభజనను పరిశీలించుటకు ఏర్పడిన విభజన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి ఒక వైపు, భక్తవత్సలం, టి.టి. కృష్ణమాచారి వంటివారు మరొక వైపు. మద్రాసు నగరం విషయమై ప్రకాశం అసమ్మతి పత్రం ఇవ్వడంతో పని ముందుకు సాగలేదు. ఇంట తెలుగు మాట్లాడే కుమారస్వామి రాజా సొంత ఊరు ఎటువంటి విభజన జరిగినా తమిళ రాష్ట్రంలోనే ఉంటుంది. భాష ఒక వైపు, ఊరు మరొక వైపు ఉన్న మనిషి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడేనాటికి ఆయన అధికారంలో లేరు.

ఓటమి, తరువాత

1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. స్వయంగా ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయారు. ఇంటికి కూతవేటు దూరంలోని నియోజకవర్గంలో, తనను ఎరిగిన జనం చేతిలో ఓటమి. భక్తవత్సలం, గోపాలరెడ్డి, కళా వెంకటరావు కూడా ఓడినవారిలో ఉన్నారు. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు.

జూదరి ఓడినప్పుడు పోయినదానిని రాబట్టుకోవాలని మళ్ళీ కూర్చుంటాడు. ఆ కూర్చోవడమే అతనిని ముంచుతుంది. కుమారస్వామి రాజా మద్రాసు ముఖ్యమంత్రి పీఠాన్ని మళ్ళీ అధిష్ఠించలేదు. 1954 ఫిబ్రవరిలో ఆయన ఒడిశా గవర్నరుగా నియమితులయ్యారు. ఆయనకు ముందు గవర్నరుగా ఉన్న ఫజల్ అలీ రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘానికి అధ్యక్షులుగా వెళ్ళారు. రాష్ట్ర విభజన సమస్యతో మద్రాసులో పెనుగులాడిన రాజా ఆ ఫజల్ అలీ స్థానంలోకి వెళ్ళడం చరిత్రలో ఒక చిత్రం. 1956 సెప్టెంబరు వరకు ఆ పదవిలో ఉన్నారు. 1957 మార్చిలో, యాభై ఎనిమిదేళ్ళ వయస్సులో పరమపదించారు.

రాజపాళయంలోని తన ఇంటిని ఆయన ఊరికి దానం చేశారు. అది గాంధీ కలై మన్రం అన్న కళాసంస్థకు నిలయమైనది. తల్లిదండ్రులు లేని పిల్లవానికి మిగిలిన ఆస్తిని కాపాడుకొమ్మని చెప్పే లోకానికి ఆయన ఇచ్చిన సమాధానం ఆ ఇల్లు. యౌవనంలో నిశ్చితమైన త్రోవ విడిచిన ఆయనకు ఈ పందెంలో మూడేళ్ళ ముఖ్యమంత్రిత్వం, రెండున్నరేళ్ళ గవర్నరు పదవి, ఒక చేదు ఓటమి దక్కాయి. ధనం దక్కలేదు. ఉన్న ఇల్లూ ఇచ్చివేశారు.

నేడు ఏదో ఒక ఇంటిలో, ఉద్యోగం వద్దని ఒక కుమారుడు, వద్దనవద్దని అతని తల్లి వాదించుకొంటూ ఉండవచ్చును. అనిశ్చితమైన త్రోవ ఎంచుకొన్న ప్రతివాడూ చెడిపోడు, ప్రతివాడూ బాగుపడడు. అతడు ఒడ్డుతున్నది తన సొంతమా, ఇంటివారిదా, ఓడిన నాడు లేచి రాగలడా అని అడిగి చూడవలసి ఉంటుంది. రాజపాళయం కుమారస్వామి రాజా తన సొంతాన్నే ఒడ్డారు, ఓడిన నాడు లేచి వచ్చారు.