యల్లాప్రగడ సుబ్బారావు

రసాయన శాస్త్రంలో రెండు పనులు జంటగా సాగుతాయి. ఒక పదార్థంలో ఏమేమి ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో తేల్చడం విశ్లేషణ. విడి భాగాలను కూర్చి ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం సంశ్లేషణ. ఈ రెండింటిలోనూ చేయి తిరిగిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. అక్కడి వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపునందుకొని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరయ్యారు. ఆచార్యునికి అది నచ్చలేదు. చివరకు సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. దక్కింది. ఆ సంవత్సరాలలోనే అన్న పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. అప్పటికి దానికి సరైన మందు ఎవరివద్దా లేదు.

మామగారి సాయంతో, భార్య శేషగిరిని ఇంటివద్ద విడిచి, 1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి పొట్ట పోసుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఆయనకు చోటు దొరికింది. రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతిని కనుగొనడం వారి పని. ద్రవానికి ఆమ్లంతోపాటు మాలిబ్డేట్ అనే లవణాన్ని చేర్చి, మరొక రసాయనం కలిపితే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎక్కువైతే నీలం చిక్కబడుతుంది. ముందే కొలిచి ఉంచిన ద్రవం రంగుతో దానిని పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. ఈ పద్ధతి 1925లో ప్రచురితమైంది.

అదే పద్ధతిని కండరాల రసంపై ప్రయోగించినప్పుడు ఒక వింత కనబడింది. రంగు వెంటనే నిలకడకు రాక, క్షణక్షణానికీ ముదురుతూ పోయింది. మరొకరైతే గాజు గొట్టం సరిగా కడగలేదనుకొని పారబోసేవారేమో! వీరు ఆ జాప్యానికే కారణం వెదికారు. ఏదో ఒక పదార్థం మెల్లమెల్లగా విడిపోతూ భాస్వరాన్ని విడుదల చేస్తున్నదని గ్రహించారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో మన కండరాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని కూడా వారు వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ సైతం దానిని కనుగొన్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లె ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లంపై దృష్టి నిలిపింది. ఇది ఆకుకూరల్లోనూ కాలేయంలోనూ అత్యల్పంగా ఉండే విటమిన్. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేయడానికి 4 టన్నుల పాలకూర వాడవలసి వచ్చింది. అంత ఆకు ఉడికించి ఎందరు రోగులకు మందివ్వగలం? సుబ్బారావు బృందం ఆ అణువును ముక్కలుచేసి, అందులోని మూడు భాగాలను గుర్తించి, వాటిని తిరిగి కూర్చి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానితో స్ప్రూ రోగులు కోలుకోసాగారు. అన్నను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది.

ఆ కూర్పు తెలిసిన తరువాత దానిని కొద్దిగా మార్చడమూ సాధ్యమైంది. తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయే తాళంచెవి వంటిది అమినోప్టెరిన్. చూపుకు ఫోలిక్ ఆమ్లమే, కాని కణాలకు ఉపయోగపడదు. వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు దీనిని ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ మేలు కొంతకాలమే నిలిచింది. అయినా ఆ వ్యాధి మందుకు లొంగగలదని తెలిసింది అప్పుడే. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి ఇచ్చే హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాలనుండి వచ్చినదే.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. భీమవరానికి ఆయన తిరిగి రాలేదు. శేషగిరి ఆయనను మరల చూడలేదు. మీలో ఎవరైనా పెద్దయి జీవరసాయన ప్రయోగశాలలో అడుగుపెడితే, భాస్వరం కొలిచే పాఠంలో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరు కనబడుతుంది.